పరీక్షలయ్యాక చెబుదామనుకున్న కబురు

మా తెలుగు మేడంగారు పోయారు. కబురు వచ్చేసరికి నేను స్కూల్లో ప్రేయర్ దగ్గర నిలబడి ఉన్నాను. పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్నారు. సంచీలో ఫోన్ అదే పనిగా కొట్టుకుంటుంటే పక్కకు వెళ్ళి తీశాను. అవతల మేడంగారి చెల్లెలుగారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా," అన్నారు.

పాలకొల్లులో ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం, అసలు ఆవిడెవరో ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు. నేను లెక్కల టీచర్ని. రాయడం నాకు చేతకాని పని. ఆవిడే ఉంటే, "లెక్కల మేడం వ్యాసం రాసిందర్రా! చివర్లో జవాబు కింద రెండు గీతలు గీసిందేమో చూడండి," అని ఆట పట్టించేవారు.

మెచ్చుకోళ్ళు మొదలుపెట్టే ముందు నా సంగతి ఒకటి చెప్పేయాలి. ఆ కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. మా అమ్మాయికి ఇప్పుడే తెలియకూడదు అన్న ఆలోచన వచ్చింది. మా అమ్మాయి విజయవాడ దగ్గర హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి. మన వైపు ఇది అందరూ చేసేదే. పిల్లలు హాస్టల్లో ఉండగా ఇంట్లో తాతయ్య పోతే పెద్దకర్మ కూడా చేసేసి, వాళ్ళు ఫోన్ చేసినప్పుడు "తాతయ్య పడుకున్నార్రా" అంటాం. పరీక్షలయ్యి ఇంటికొచ్చాక గోడ మీద దండ వేసిన ఫోటో చూసి వాళ్ళు తెలుసుకుంటారు. అదంతా వాళ్ళ మీద ప్రేమే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సాయంత్రం శవం దగ్గర నుంచి ఇంటికొచ్చి, తలస్నానం చేసి, తడి జుట్టుతోనే మావారికి, మా అత్తగారికి గట్టిగా చెప్పాను. పిల్లకి ఒక్క మాట కూడా పొక్కకూడదు అని.

ఇక మేడంగారి గురించి.

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఆవిడ మాకు తెలుగు చెప్పారు. సన్నగా, కాస్త ముందుకు వంగినట్టు నడిచేవారు. చీర కొంగు ఎప్పుడూ నడుముకు బిగించి ఉండేది, క్లాసులోకి వస్తున్నారో పొయ్యి దగ్గరికి వస్తున్నారో తెలిసేది కాదు. శనివారం ఆఖరి పీరియడ్ డ్రిల్లు. డ్రిల్లు మాస్టారు లేని ఏడాది ఆ పీరియడ్ ఆవిడ అడిగి తీసుకున్నారు. అందులో మాకు పాత నవలలు చెప్పేవారు. తెలుగువి, బెంగాలీ నుంచి వచ్చినవి, రష్యా నుంచి ఇంగ్లండు నుంచి అనువాదమై వచ్చి అట్టలూడిపోయినవి. వాటిలో రాజులూ జమీందారులూ ప్రేమికులూ ఎంతమంది ఉన్నా ఆవిడ పట్టించుకునేవారు కాదు. వాటిలో పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలెవరైనా ఉన్నారా అని వెతికి వాళ్ళ కథే చెప్పేవారు. ఇల్లు విడిచి పారిపోయినవాడు, తల్లి రెండో పెళ్ళి చేసుకుంటే మాట్లాడ్డం మానేసినది, స్నేహితురాలి మీద అసూయతో అబద్ధం చెప్పి నవల సగమంతా ఆ అబద్ధాన్ని మోసినది. "ముసలివాళ్ళ కథ ఎవరైనా రాస్తారమ్మా. అయిపోయిన కథ గదా! ఈ వయసువాళ్ళ కథ రాయడమే కష్టం. వాళ్ళకే తెలీదు వాళ్ళెవరో," అనేవారు.

ఆవిడ కథ చెప్పే పద్ధతి ఒకటుంది. ఆ పిల్లో పిల్లాడో ఏదైనా వెధవపని చేసిన చోట ఆగిపోయేవారు. క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా తిట్టేవాళ్ళం. ఆవిడ వెంటనే, "వాడికెన్నేళ్ళు?" అని అడిగేవారు. వయసు చెప్పకుండా తిట్టడానికి వీల్లేదు. వయసు చెప్పాక తిట్టాలనిపిస్తే తిట్టుకోవచ్చు.

ఒక నవలలో ఒక కుర్రాడికి తండ్రి పోతాడు. ఇంటినిండా జనం, ఏడుపులు. మూడో రోజున వాడికి విపరీతంగా ఆకలేస్తుంది. వంటింట్లోకి దొంగలా వెళ్ళి, కడుపునిండా తిని, ఆ తిన్నందుకు తనని తాను అసహ్యించుకుంటూ పెరట్లో కూర్చుని ఏడుస్తాడు. నేను లేచి, "ఛీ, తండ్రి పోతే అలా మెక్కుతాడా అండీ!" అన్నాను.

"వాడికెన్నేళ్ళే?"

"పద్నాలుగండి."

"నీకూ?"

"పద్నాలుగేనండి."

"పొద్దున్న ఏం తిన్నావు?"

"ఇడ్లీ అండి."

"ఎన్ని?"

క్లాసంతా గొల్లుమంది. అప్పటికి నేను మనిషంత పొడుగయ్యాను, తిండి కూడా అలాగే ఉండేది. నవ్వులు సద్దుమణిగాక ఆవిడ నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేసి, "ఆకలి ఆ వయసుదమ్మా. దాన్ని ఎవరూ ఆపలేరు. తిన్నందుకు పెరట్లో కూర్చుని ఏడ్చాడు చూడు, అదీ వాడిది," అన్నారు. నాకు పూర్తిగా అర్థం కాలేదు. అయినా ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తింటుంటే ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. పుస్తకంలోని మనిషి అన్నం దగ్గర గుర్తు రావడం నాకు అదే మొదలు.

నా పొడుగు నాకు పెద్ద శత్రువు ఆ రోజుల్లో. ఆడపిల్ల తాడిచెట్టులా పెరిగిపోతోందని ఇంట్లో వెక్కిరింపు. నేను భుజాలు ముందుకు కుదించుకుని, మెడ వంచుకుని తిరిగేదాన్ని. ఒక రోజు మేడంగారు స్టాఫ్‌రూమ్‌కి పిలిచి అట్ట వేసిన పుస్తకం చేతిలో పెట్టారు. అట్ట మీద లేబులు, లేబులు మీద గుండ్రటి అక్షరాలతో 'సాంఘిక శాస్త్రం' అని ఉంది. తెరిచి చూస్తే నవల! అందులో నాలాంటిదే ఒక పొడుగు పిల్ల, గుమ్మాలు తగలకపోయినా తల వంచుకునే నడుస్తుంది. నవలలు చదివితే ఆడపిల్లలు పాడవుతారని ఇళ్ళల్లో గట్టి నమ్మకం ఉన్న రోజులు కనుక ఆవిడ ఇచ్చే పుస్తకాలన్నిటికీ ఆ లేబులే. "అబద్ధం కదండీ," అన్నాను భయంగా. "ఇంట్లో నలుగురూ ఒకరితో ఒకరు ఎలా బతకాలో ఇందులో ఉందమ్మా. ఇంతకంటే సాంఘిక శాస్త్రం నీకెవరు చెబుతారు?" అన్నారు. ఆ పుస్తకం చివర ఆ పిల్ల పొడుగేమీ తగ్గలేదు, అందగత్తె కూడా అవలేదు. ఒక వానరోజు చూరు కింద నిటారుగా నిలబడుతుంది, అంతే. నేను నిటారుగా నిలబడి బోర్డు మీద పైవరుస దాకా రాయగలుగుతున్నానంటే అది ఆ పుస్తకం చలవే.

ఏళ్ళు గడిచాయి. నేను ఆ ఊళ్ళోనే టీచరునయ్యాను, ఆవిడ రిటైరయ్యారు. ఇద్దరక్కచెల్లెళ్ళూ కాలవ గట్టు రోడ్డులో చిన్న పెంకుటింట్లో ఉండేవారు. ఆవిడ కళ్ళకు నీటికాసులు వచ్చి చూపు క్రమంగా తగ్గిపోయింది. ఆఖరికి వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలిసేది కాదు.

అదే కాలంలో మా ఇంట్లో ఇంకో రకం చీకటి. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చింది, మాట్లాడ్డం మానేసింది. ఏమడిగినా 'ఊఁ', లేదా 'తెలీదు'. గది తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. నేను అరిచేదాన్ని. ఫోన్ లాక్కున్నాను, మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ లాక్కున్నాను. స్కూల్లో ఇతరుల పిల్లలకి ఎంతో ఓపిగ్గా చెప్పేదాన్ని, ఇంట్లో నా పిల్ల దగ్గర నాలుగు మాటలు పొందిగ్గా మాట్లాడలేకపోయేదాన్ని. ఓ సాయంత్రం మేడంగారిని చూడ్డానికి వెళ్ళి ఈ గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"దాన్ని ఓసారి నా దగ్గరికి పంపవే. కళ్ళు కనబడి చావవు, నాకు కాస్త పుస్తకం చదివి పెడుతుంది," అన్నారు.

నేను ఎంతో సంతోషించాను. పిల్లకి మంచి అలవాటు అవుతుంది, పెద్దావిడకి సాయం చేసినట్టూ ఉంటుంది అనుకున్నాను. చుట్టాలతో గొప్పగా చెప్పాను కూడా, "మా అమ్మాయి రోజూ వెళ్ళి కళ్ళు కనబడని మేడంగారికి నవలలు చదివి వినిపిస్తోంది" అని.

మొదటి వారం మొహం మాడ్చుకుని వెళ్ళింది. తర్వాత తనే సైకిలు తీసుకుని వెళ్ళేది. చలికాలంలో ఒక సాయంత్రం నేను కూరలు కొనుక్కుని అటుగా వస్తూ గేటు దగ్గర ఆగాను. వసారాలో మేడంగారు తంపటేసి కాల్చిన తేగలు తడుముకుంటూ చీలుస్తున్నారు. మధ్యలో ఉండే లేత మొలకని, మేము చందమామ అంటాం దాన్ని, తీసి మా అమ్మాయికిస్తున్నారు. మా అమ్మాయి ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చేతులు తిప్పుతూ గట్టిగా వాదిస్తోంది. "కాదండీ మేడంగారూ, వాళ్ళమ్మదే తప్పు! ఆ పిల్ల అడిగింది కదా, నిజం చెప్పొచ్చు కదా!" అంటోంది. అంత పెద్ద గొంతు మా ఇంట్లో విని ఏడాది దాటింది. మేడంగారు నిదానంగా, "ఏ నవలైనా చూడు అమ్మడూ. పిల్లలు పెద్దవాళ్ళయ్యేది పుట్టినరోజుకి కాదు. ఇంట్లో పెద్దవాళ్ళ అబద్ధం ఒకటి పట్టుబడిన రోజున," అన్నారు.

గేటు బయట నిలబడి నేను కూడా విన్నాను ఈ మాట. బాగుందనుకున్నాను. ఎంచక్కా మా స్కూల్లో టీచర్లకి కూడా చెప్పాను. ఇప్పుడు అది గుర్తొస్తే ఎక్కడికన్నా పారిపోవాలనిపిస్తుంది.

పదో తరగతి అవగానే అమ్మాయిని హాస్టల్లో చేర్చాం. మంచి కాలేజీ, మంచి ర్యాంకులు. చేర్చేముందు నేను మేడంగారితో చెప్పడానికి వెళ్ళాను.

"నవల సగంలో ఉందే," అన్నారు ఆవిడ.

"సెలవులకొచ్చాక చదువుతుందిలెండి."

"దాన్ని అడిగావా?"

"అడిగేదేముందండీ, సీటు రావడమే కష్టం అక్కడ."

"లెక్కల్లో అంతే కాబోలు, ఎవర్నీ అడక్కుండానే జవాబు వచ్చేస్తుంది," అని నవ్వి, లోపలికి కేకేసి చెల్లెలి చేత కాఫీ తెప్పించారు. ఎత్తిపొడుపులా అనలేదు. అదే నాకు వీలైంది. ఎత్తిపొడిచినట్టు అనిపించి ఉంటే ఇంటికెళ్ళాక అయినా ఒకసారి ఆలోచించేదాన్ని.

దసరాకి అమ్మాయికి సెలవులు రెండు రోజులే ఇచ్చారు. అవి కూడా ట్యూషన్ మాస్టారి దగ్గరే గడిచాయి. "మేడంగారింటికి వెళ్ళొస్తానమ్మా," అంది. "మళ్ళీ వచ్చినప్పుడు వెళ్దువుగాని," అన్నాను. చలికాలంలో మేడంగారికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. చూడ్డానికి వెళ్తే మంచం మీద నుంచి గొంతు కూడదీసుకుని, "పిల్ల ఎలా ఉందే? ఓసారి ఫోన్లో దాని గొంతు వినిపించవే," అని అడిగారు. "ఆదివారం ఫోన్ చేస్తుందండీ, కలుపుతాను," అని మాటిచ్చాను. ఆదివారం ఫోన్ వచ్చింది. ఫిజిక్స్‌లో మార్కులు తగ్గాయంది. ఉన్న సమయమంతా ఫిజిక్స్ గురించే మాట్లాడాను. మరిచిపోయానని చెప్పుకోవచ్చు, కానీ మరిచిపోలేదు. ఆ నీరసపు గొంతు వింటే పిల్ల బెంగపెట్టుకుంటుంది, చదువు పాడవుతుంది అని కలపలేదు. మేడంగారు మళ్ళీ అడగలేదు. ఆ తర్వాతి వారం పోయారు.

పెద్దకర్మ రోజున చెల్లెలుగారి పక్కన కూర్చున్నాను. ఏదో ఓదార్పు మాట అనాలి కదా. "పాపం, ఆ నవల ఆఖరిదాకా వినకుండానే వెళ్ళిపోయారండీ. మా అమ్మాయి ఉంటే పూర్తిచేసి పెట్టేది," అన్నాను.

చెల్లెలుగారు నా వంక వింతగా చూశారు. "అదేమిటమ్మా! అక్కకి ఆ పుస్తకాలు కొత్తా ఏంటి? కళ్ళున్నప్పుడు ఎన్నిసార్లు చదివిందో. మీ అమ్మాయి చదువుతూ చదువుతూ తడబడితే తరవాతి మాట తనే అందించేది గదా! నేను చదివి పెడతానే అంటే వద్దనేది. ఏ పుస్తకం ఇవ్వాలో పొద్దుటి నుంచీ ఆలోచించేది. 'నిన్న కాస్త ముభావంగా ఉందే పిల్ల, ఇవాళ ఆ పారిపోయిన కుర్రాడిది తియ్యి' అనేది. బీరువాలోంచి నేను తీసిచ్చేదాన్ని."

నేను తల వంచుకుని విస్తరి వంక చూస్తూ కూర్చున్నాను. ఏ సాయమైతే మా పిల్ల ఆవిడకి చేస్తోందని ఊరంతా చాటానో, అది ఆవిడ మా పిల్లకి చేసిన సాయం. పిల్ల చేత చదివించుకోవడం ఒక వంక. పిల్ల ఒంటరిగా ఉండకూడదని ఆవిడకి ముందే తెలుసు. దాన్ని నేను మంచి కాలేజీ పేరు చెప్పి మధ్యలో తెంపేశాను. బతికుండగా ఒక్కసారి దణ్ణం పెట్టి చెప్పుకునే వీలు కూడా లేకుండా చేసుకున్నాను.

అప్పుడైనా పిల్లకి చెప్పాల్సింది, కానీ చెప్పలేదు. ఆదివారాలు ఫోన్ వచ్చేది. "మేడంగారు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగేది. "బానే ఉన్నారమ్మా. నువ్వు చదువుకో," అనేదాన్ని. మళ్ళీ ఆదివారం అదే మాట అనేదాన్ని. పరీక్షలయ్యాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెబుతానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పరీక్షలయ్యాయి. తీసుకురావడానికి వెళ్ళాను. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, బకెట్టు అన్నీ సర్దుకుని పాసింజరు ఎక్కాం. మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. ఇంకాస్త పొడుగైంది, నా అంత అయింది. భీమవరం దాటాక ఇక ఆపుకోలేక దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఒక సంగతి చెప్పాలి తల్లీ. కంగారుపడకు."

"మేడంగారి సంగతా?" అంది, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. "నాకు తెలుసమ్మా."

దాని చెయ్యి వదిలేశాను.

"పోయిన మర్నాడే తెలుసు. ఆదివారం కదా, నీకు చేసే ముందు వాళ్ళింటికి ఫోన్ చేశాను. మామ్మగారు చెప్పారు."

మా పిల్ల వాళ్ళింటికి సొంతంగా ఫోన్ చేస్తుందన్న ఆలోచనే నాకు తట్టలేదు. అది మామ్మగారని పిలిచే చెల్లెలుగారికి జాగ్రత్త చెప్పాలనీ తట్టలేదు.

"మరి మామ్మగారు నాతో అనలేదే?"

"నేనే వద్దన్నాను. నాకు తెలిసిపోయిందంటే నువ్వు హడలిపోయి పరిగెత్తుకొస్తావని."

"మరి... వారం వారం నన్నెందుకడిగేదానివి, ఎలా ఉన్నారని?"

"నువ్వు చెప్తావేమోనని," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఏడ్చావా తల్లీ?" అన్నాను.

"హాస్టల్లో ఎక్కడ ఏడుస్తానమ్మా? బాత్రూమ్ ముందు కూడా లైనుంటుంది."

పాలకొల్లు స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. కాలవ గట్టు రోడ్డు రాగానే, "ఇక్కడ ఆపండి," అంది ఆటో ఆయనతో. దిగింది. నేనూ దిగబోతే, "నేనొక్కదాన్నే వెళ్తానమ్మా," అంది. గేటు తీసుకుని, వసారా మెట్ల దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. చెల్లెలుగారు "వచ్చావా అమ్మడూ," అనడం వినిపించింది. ఆ వెంటనే మా అమ్మాయి ఏడుపు వినిపించింది. చిన్నప్పుడు పడిపోయి మోకాళ్ళు కొట్టుకున్నప్పుడు ఏడ్చేదే, అలా, నోరు తెరుచుకుని, వీధంతా వినబడేట్టు ఏడుస్తోంది. అన్ని వారాల ఏడుపూ ఒక్కసారిగా వస్తోంది.

ఎప్పుడు దిగానో నాకే తెలియదు, గేటు ముందు ఉన్నాను. లోపలికి వెళ్ళి దాన్ని దగ్గరకు తీసుకోవాలని ఉంది, కానీ ఒక్కదాన్నే వెళ్తానంది. "వెయిట్ చేయమంటారా అండీ?" అంటున్నాడు ఆటో ఆయన. ఆటోలో ఒళ్ళో పెట్టుకున్న హాస్టల్ బకెట్టు అలాగే చేతిలో ఉంది. అందులో మగ్గు, సబ్బుపెట్టె, ఇంకా ఆరని తువ్వాలు. బకెట్టు మీద ఎర్ర పెయింటుతో మా అమ్మాయి పేరు, గది నంబరు. అది పట్టుకుని ఆ ఇంటి బయట, రోడ్డు మీద నిలబడి ఉన్నాను.